ఎలుక మతిమరుపు, మన మతిమరుపు

స్త్రీ శరీరం గురించి సైన్సు ఏదైనా కొత్త మాట చెప్పినప్పుడల్లా స్త్రీవాదులం సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తూ వచ్చాం. మొదటిది అనుమానించడం. స్త్రీల మెదడు చిన్నదనీ, గర్భసంచి వల్లే హిస్టీరియా వస్తుందనీ, నెలసరి రోజుల్లో స్త్రీలు నిలకడగా ఆలోచించలేరనీ చెప్పింది కూడా సైన్సు పేరుతోనే కాబట్టి ఆ అనుమానానికి తగిన కారణాలున్నాయి. రెండవది పక్కన పెట్టేయడం. మన అణచివేతకు మూలాలు కుటుంబంలో, ఆస్తిలో, కులంలో, మతంలో ఉన్నాయి గానీ రక్తంలో తిరిగే రసాయనాల్లో లేవు కదా, ఇక వాటి గోల మనకెందుకు అనుకున్నాం. రాజకీయంగా ఈ రెండూ అవసరమైనవే. కానీ ఈ క్రమంలో ఒక ప్రశ్నను అడగకుండా వదిలేశామేమోనని నాకు కొంతకాలంగా అనిపిస్తోంది. వయసు మీరుతున్న స్త్రీ తన మతిమరుపు గురించి చెప్పుకున్నప్పుడు మనం ఏం జవాబు చెప్పాలి? ఆమె శరీరంలో జరిగే మార్పు నిజమేనని ఒప్పుకుంటే ఆమెను ఆ శరీరానికే కట్టిపడేసినట్టా? ఒప్పుకోకపోతే ఆమె అనుభవాన్ని అబద్ధం చేసినట్టు కాదా?

సాహిత్యంలో పరిశోధన చేసిన నేను ఈ విషయం జోలికి రావడానికి మా పిన్ని కారణం. ఆమెకు ముప్పై ఆరేళ్లప్పుడు తెల్లబట్ట, నడుం నొప్పి అని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళితే గర్భసంచి తీసేశారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముంది, ఉంచుకుంటే కాన్సరొస్తుంది అన్నారట. అండాశయాలు ఉంచారో తీసేశారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పినవాళ్లు లేరు. ఆ కాగితమూ ఇప్పుడు లేదు. నాలుగైదేళ్ల తర్వాత పొయ్యి మీద పాలు మరచిపోవడం, డ్వాక్రా గ్రూపు లెక్కలు తప్పడం మొదలైంది. గ్రూపు పుస్తకం రాసేది ఆమే. ఒకరి వాయిదా డబ్బు రెండుసార్లు రాసిందని గొడవై ఆ పుస్తకం ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఇంట్లో అందరూ నవ్వుతూ ఒక మాట అంటారు: "గర్భసంచితో పాటు దాని బుర్ర కూడా తీసేశారు." ఆమె కూడా నవ్వుతుంది. ఒకరోజు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నువ్వింత చదువుకున్నావు కదే, నిజంగా బుర్రకీ దానికీ సంబంధం ఉందా?" అని అడిగింది.

ఏమీ సంబంధం లేదు పిన్నీ అని అప్పటికప్పుడు చెప్పేయడం తేలిక. స్త్రీవాదం నేర్పిన మొదటి స్పందన కూడా అదే. కానీ ఆమె అడిగింది ఓదార్పు కాదు, సమాచారం. ఆ సమాచారం కోసం వెతికితే నాకు ఎదురైనవి ఎలుకలు.

రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ వూలీ, బ్రూస్ మెక్‌ఇవెన్, వారి సహచరులు 1990లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆడ ఎలుకకు నాలుగైదు రోజుల రుతుచక్రం ఉంటుంది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి, దారులు గుర్తుంచుకోవడానికి ముఖ్యమైనది. అక్కడి నాడీకణాల కొమ్మల మీద ముళ్లలాంటి చిన్న మొలకలుంటాయి. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు అందేది ఎక్కువగా వాటి ద్వారానే. ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న దశలో ఈ మొలకలు దట్టంగా ఉండి, ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి సుమారు 30 శాతం తగ్గిపోవడం వాళ్లు చూశారు. ఎదిగిన మెదడు నిర్మాణం పెద్దగా మారదని నమ్ముతున్న కాలంలో ఇది చిన్న సంగతి కాదు. అండాశయాలు తీసేసిన ఎలుకల్లో ఈ మొలకలు తగ్గుతాయనీ, ఈస్ట్రోజెన్ ఇస్తే తిరిగి వస్తాయనీ కూడా తేలింది. అంటే పిన్ని ప్రశ్నకు మొదటి జవాబు అవుననే. సంబంధం ఉంది.

ఇదే వాస్తవాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఆడదాని మెదడు నాలుగు రోజులకోసారి మారిపోతుంది, నిలకడ లేనిది అనొచ్చు. ఆడ జంతువు మెదడు తనను తాను ఎప్పటికప్పుడు తిరిగి నిర్మించుకుంటుంది అని కూడా అనొచ్చు. పరిశోధకులు చాలామంది మొదటి రకంగానే చదివి ఆడ జంతువులను ప్రయోగాల నుంచి తప్పించేశారు. రుతుచక్రం వల్ల ఫలితాలు గజిబిజి అవుతాయని వాళ్ల వాదన. అన్నలీస్ బీరీ, ఇర్వింగ్ జుకర్ 2011లో వేసిన లెక్క ప్రకారం నాడీశాస్త్రంలో ఆడ జంతువుల మీద మాత్రమే చేసిన ప్రయోగం ఒకటుంటే మగ జంతువుల మీద మాత్రమే చేసినవి అయిదున్నర ఉన్నాయి. ఇంతకీ ఆ గజిబిజి నిజమేనా? 2014లో 293 పరిశోధన పత్రాలు తిరగేసి చూస్తే, చక్రంలో ఏ రోజని పట్టించుకోకుండా పరీక్షించినా ఆడ చిట్టెలుకల ఫలితాల్లో మగవాటి కంటే ఎక్కువ తేడాలేమీ కనబడలేదు. ఎవరూ సరిచూడని ఒక ఊహ ఆధారంగా సగం జీవజాతిని దశాబ్దాల పాటు బయట పెట్టారన్నమాట. అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య పరిశోధనల్లో రెండు లింగాలనూ లెక్కలోకి తీసుకోవాలనే నియమం 2016లో గానీ అమలులోకి రాలేదు. సాహిత్య విద్యార్థులకు ఇది తెలిసిన కథే. పురుషుడి అనుభవం సార్వజనీనం, స్త్రీ అనుభవం ప్రత్యేకం అనే విమర్శ సూత్రంతో మనం ఎన్నాళ్లు పోట్లాడామో గుర్తు చేసుకుంటే చాలు.

అసలు ఈస్ట్రోజెన్‌ను ఆడ హార్మోను అనడమే సరికాదు. మగ జంతువుల మెదడులో టెస్టోస్టిరాన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. హిప్పోకాంపస్ తన ఈస్ట్రోజెన్‌ను కొంత తానే తయారు చేసుకుంటుంది, మగవాటిలో కూడా. హార్మోన్లతో ముసలితనాన్ని జయించాలనే కలను ముందు కన్నదీ పురుషులే. 1889లో బ్రౌన్ సెకార్డ్ అనే శాస్త్రవేత్త డెబ్భై రెండేళ్ల వయసులో కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తనకు తానే ఎక్కించుకుని బలమూ బుద్ధీ తిరిగి వచ్చాయని ప్రకటించాడు. మతిమరుపున్న అరవై అయిదేళ్లు దాటిన పురుషులకు ఏడాది పాటు టెస్టోస్టిరాన్ ఇచ్చి చూసిన అమెరికా ప్రయోగంలో జ్ఞాపకశక్తి ఏమీ మెరుగుపడలేదని 2017లో తేలింది. అయినా ముసలి మగవాడు కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరచిపోతే దాన్ని అతని వృషణాలకు ముడిపెట్టి ఎవరూ జోకులు వేయరు. హార్మోన్లు అందరి ఒంట్లోనూ ఉంటాయి. వాటి పేరుతో అవమానం మాత్రం స్త్రీలకే.

స్త్రీల విషయంలో కల వ్యాపారంగా మారింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే గైనకాలజిస్టు రాసిన 'ఫెమినైన్ ఫరెవర్' అనే పుస్తకం మెనోపాజ్‌ను ఒక లోపం వల్ల వచ్చే జబ్బుగా చూపించి, జీవితాంతం ఈస్ట్రోజెన్ వాడితే స్త్రీ స్త్రీగా మిగులుతుందని చెప్పింది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రలు అమెరికాలో అప్పటికే అమ్ముతున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ మాత్రలు మతిమరుపును కూడా ఆపుతాయనే ఆశ బలపడింది. పరీక్షించి చూసినప్పుడు జరిగింది వేరు. అరవై అయిదేళ్లు దాటిన 4,532 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2003లో ఫలితాలు ప్రచురించేనాటికి అసలు మాత్ర వాడినవాళ్లలో 40 మందికి, వాడనివాళ్లలో 21 మందికి డిమెన్షియా వచ్చింది. కాపాడుతుందనుకున్న మందు ప్రమాదాన్ని రెట్టింపు చేసింది.

మరి ఎలుకల్లో పనిచేసింది స్త్రీలలో ఎందుకు తిరగబడింది? ఈ ప్రశ్నకు కొంత జవాబు మళ్లీ వయసు మీరిన ఎలుకల దగ్గరే దొరికింది. 2000లో రాబర్ట్ గిబ్స్ ప్రచురించిన ప్రయోగంలో అండాశయాలు తీసేసిన వెంటనే గానీ మూడు నెలల్లోపు గానీ హార్మోన్లు మొదలుపెడితే ఎలుకలు ముసలితనంలో మేజ్‌లో దారిని బాగా నేర్చుకున్నాయి. పది నెలలు ఆగి మొదలుపెడితే ఆ మేలు కనబడలేదు. ఎలుక బతికేదే రెండు మూడేళ్లు కాబట్టి పది నెలలంటే జీవితంలో పెద్ద భాగం. 2006లో జిల్ డేనియల్ బృందం నడివయసు ఎలుకల్లో ఇలాంటిదే చూసింది. హార్మోను లేకుండా చాలాకాలం గడిపిన మెదడు మళ్లీ ఆ హార్మోను వచ్చినప్పుడు పాత పద్ధతిలో స్పందించదు. ఆ పెద్ద ప్రయోగంలో స్త్రీలకు మెనోపాజ్ వచ్చి పదిహేను, ఇరవై ఏళ్లు దాటాక మాత్రలు ఇచ్చారన్నది గుర్తుంచుకోవాలి. అలాగని ముందుగా మొదలుపెడితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పడానికీ లేదు. మెనోపాజ్ తర్వాత త్వరగా హార్మోన్లు ఇచ్చి చూసి 2015, 2016లలో ప్రచురించిన రెండు పరిశోధనల్లో జ్ఞాపకశక్తికి నష్టమూ లేదు, లాభమూ లేదు.

ఈ వివరాల్లో నన్ను ఆకర్షించింది మందు సంగతి కాదు. ఒకే హార్మోను, ఒకే మోతాదు. దాని అర్థం మాత్రం ఆ శరీరం అప్పటిదాకా ఎలా బతికిందన్న దాన్ని బట్టి మారుతోంది. స్త్రీ శరీరాన్ని విధిగా చూసే వాళ్లు శరీరానికి చరిత్ర ఉండదనుకుంటారు. ముసలి ఎలుక శరీరానికే చరిత్ర ఉన్నప్పుడు మన శరీరాలకు లేకుండా ఎలా పోతుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. ఎలుకలకు మనలాగా ముట్లుడగవు. నడివయసులో వాటి చక్రం గతి తప్పి ఆగిపోతుంది గానీ అండాశయాలు హార్మోన్లు తయారు చేయడం పూర్తిగా మానవు. అందుకే పరిశోధకులు కోసి తీసేస్తారు. దాన్ని మెనోపాజ్‌కు నమూనా అంటారు. కానీ సహజంగా వచ్చే మెనోపాజ్ కొన్నేళ్ల పాటు నెమ్మదిగా జరిగే మార్పు. 2009లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనం రెండు వేలమందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించింది. ముట్లు ఆగబోయే దశలో కొత్త విషయం నేర్చుకోవడం కాస్త మందగించి, ఆ దశ దాటాక తిరిగి మునుపటి స్థాయికి వచ్చిందని చెప్పింది. చాలామంది స్త్రీలకు ఇది దాటిపోయే దశ. ప్రయోగశాలలో అండాశయాలు ఒక్కసారిగా పోగొట్టుకున్న ఎలుక వీళ్లకు నమూనా కాదు. ముప్పైల్లోనే ఆపరేషన్ బల్ల ఎక్కించిన స్త్రీకి నమూనా.

అలాంటి స్త్రీలు మన దగ్గర ఎంతమంది? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ ఆపరేషన్లలో చాలా భాగం ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. వేరే రాష్ట్రాల్లో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ వీటిని అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. మెనోపాజ్ రాకముందే అండాశయాలు తీసేయించుకున్న స్త్రీలలో తర్వాతి కాలంలో డిమెన్షియా ప్రమాదం ఎక్కువనీ, ఎంత చిన్న వయసులో తీస్తే అంత ఎక్కువనీ అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2007లోనే చెప్పారు. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీస్తే ఏమవుతుందని మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు. బిడ్డను మోయనప్పుడు అది ఉత్త సంచి అనే కదా పాఠ్యపుస్తకాలు మనకు నేర్పింది! అరిజోనాలో హీథర్ బిమోంటే నెల్సన్ ప్రయోగశాల ఆ ప్రశ్న అడిగింది. 2018 చివర్లో వచ్చిన ఫలితం ప్రకారం గర్భసంచి మాత్రమే తీసేసిన ఎలుకలు, ఒకేసారి ఎక్కువ సంగతులు గుర్తుంచుకోవాల్సి వచ్చినప్పుడు తడబడ్డాయి. అవి ముసలివి కావు, ఎదిగిన ఎలుకలు. వాటి అనుభవం స్త్రీలకు యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ 'ఇక దాంతో పనేముంది' అనే మాటకు శాస్త్రీయమైన ఆధారం లేదని చెప్పడానికి ఇది చాలు.

అలాగని పిన్ని మరచిపోయిన పాలన్నిటికీ ఆ ఆపరేషనే కారణమని నేను అనలేను. దానికీ ఎలుకలే సాక్ష్యం. ముసలి ఎలుకలన్నీ మరచిపోవు. ఒకే వయసు, ఒకే పంజరం, ఒకే తిండి ఉన్నా కొన్ని కుర్ర ఎలుకల్లాగే దారి కనుక్కుంటాయి. 1988లో మైకేల్ మీనీ బృందం ఒక ప్రయోగం గురించి రాసింది. పుట్టిన మొదటి మూడు వారాలు రోజూ పావుగంట పాటు పిల్లలను చేతిలోకి తీసుకుని మళ్లీ తల్లి దగ్గర వదిలేవారు. ఇరవై నాలుగు నెలలకు, అంటే పండు ముసలితనంలో, ఆ ఎలుకలు నీళ్లలో దాగిన మెట్టును మిగిలినవాటి కంటే బాగా గుర్తుపట్టాయి. వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరాన్ తక్కువగా ఉంది. హిప్పోకాంపస్‌లో కణాల నష్టం కూడా తక్కువే. చేతిలోకి తీసుకున్న పిల్లలు తిరిగి రాగానే తల్లి వాటిని ఎక్కువగా నాకడమే దీనికి కారణం కావచ్చని తర్వాతి పరిశోధనలు సూచించాయి. బాల్యంలో దొరికిన ఆదరణ హార్మోన్లలో చేరి ముసలితనంలో జ్ఞాపకంగా నిలిచింది. మరి జీవితమంతా తెల్లవారుజామున లేచి, అందరి తర్వాత తిని, అప్పుల వాయిదాలు లెక్కబెట్టుకుంటూ నిద్రపోయే స్త్రీ ఒంట్లో ఏ హార్మోను ఎంత ఉంటుందో కొలిచినవాళ్లెవరు?

ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయి, కనబడిన వాళ్లనల్లా అడుగుతూ తిరిగిన ఈగ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఆ ఈగ గృహిణిగా మారింది. ఆమె మరచిపోయింది తన పేరునే. చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తే గానీ గుర్తుకు రాలేదు. ఈ కథను మనం ఇన్నాళ్లూ అస్తిత్వం పోగొట్టుకోవడానికి ప్రతీకగా చదివాం, అది సరైనదే. ఇప్పుడు దాన్ని అక్షరాలా కూడా చదవొచ్చనిపిస్తోంది. పిలిచేవాళ్లు లేకపోవడం, ఒకే పని రోజూ చేయడం, విశ్రాంతి లేకపోవడం మెదడులో కూడా జరిగే విషయాలే. సమాజం ఒకచోట, శరీరం ఇంకోచోట ఉండవు.

జ్ఞాపకం అంటే ఏమిటో నిర్ణయించేది ఎవరన్నదీ అడగాలి. ఒంటరి ఎలుకను నీళ్లలో వదిలి ఎన్ని సెకన్లలో మెట్టెక్కిందో చూస్తే దొరికేది ఒక రకం జ్ఞాపకం. పసిఫిక్ తీరంలో ఓర్కా తిమింగలాల ఆడవి ముప్పై, నలభైల వయసులోనే కనడం మానేసి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతుకుతాయి. గుంపును ఎక్కువగా నడిపించేది ఆ ముసలివేననీ, సాల్మన్ చేపలు కరువైన సంవత్సరాల్లో అది మరీ స్పష్టంగా కనిపిస్తుందనీ 2015లో ఒక పరిశోధన చూపింది. చేపలెక్కడ దొరుకుతాయో వాటికి గుర్తుంటుందని పరిశోధకుల అభిప్రాయం. వాటి అండాశయాలు ఎప్పుడో పని మానేశాయి. వాటి జ్ఞాపకం మీద ఆధారపడి గుంపు బతుకుతోంది.

ఇక నైతికమైన చివరి చిక్కు. ఈ జ్ఞానమంతా ఆడ జంతువులను కోసి, నీళ్లలో ఈదించి, చంపి, మెదళ్లను పలచటి పొరలుగా తరిగి సంపాదించినది. పునరుత్పత్తి అవయవాలను ఇతరుల ప్రయోజనం కోసం వాడుకోవడాన్ని వ్యతిరేకించే మనం దీని గురించి ఇబ్బంది పడకుండా ఉండలేం. ప్రయోగాలన్నీ ఆపేయాలని నేను అనలేకపోతున్నాను. అవి లేకపోతే పిన్నికి చెప్పడానికి నా దగ్గర ఓదార్పు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కానీ ఇంత మూల్యం చెల్లించి తెలుసుకున్న విషయం దానితో నేరుగా సంబంధం ఉన్న స్త్రీకి చేరకపోతే అది రెండు అన్యాయాల కలయిక. ఎలుకను ఎవరూ అనుమతి అడగలేదు. పిన్నిని అడిగారు, సంతకం పెట్టించుకున్నారు, దేనికో చెప్పలేదు. తెలియనివ్వకుండా తీసుకున్న అనుమతికి ఎలుక మౌనానికి ఉన్నంత విలువే ఉంది.

పిన్నికి నేను చెప్పింది ఇదే: సంబంధం ఉండొచ్చు, అదొక్కటే కారణం కాకపోవచ్చు, నీ బుర్ర ఎక్కడికీ పోలేదు, నీకు ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. "అయితే నా తప్పు కాదన్నమాట" అంది. శరీరం గురించిన నిజం స్త్రీని ఎప్పుడూ చిన్నబుచ్చుతుందనుకోవడం మన భయం మాత్రమేనని ఆ మాట విన్నాక అనిపించింది. చిన్నబుచ్చేది సగం నిజం.

కాబట్టి మనం అడగవలసినవి చాలానే ఉన్నాయి. ఏ అవయవం తీశారో, ఏది ఉంచారో తెలుగులో రాసి ఇవ్వాలి. లక్షలాది స్త్రీల గర్భసంచులు తీసిన ఈ రెండు రాష్ట్రాల్లో, వాళ్ల జ్ఞాపకం, నిద్ర, ఎముకలు, గుండె పదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో చూసే అధ్యయనాలు జరగాలి. వాటిలో ప్రశ్నలు తయారు చేసే చోట ఆ స్త్రీలు కూడా కూర్చోవాలి. హార్మోన్లను గైనకాలజిస్టులకూ మందుల కంపెనీలకూ వదిలేసి సాహిత్యం, సిద్ధాంతం మనం ఉంచుకుంటే సరిపోదు. మన కవయిత్రులు నెలసరి గురించి, ప్రసవం గురించి రాసినప్పుడు అశ్లీలమన్నవాళ్లకు జవాబు చెప్పి మరీ శరీరాన్ని సాహిత్యంలోకి తెచ్చుకున్నాం. ముట్లుడిగిన శరీరం గురించి, మరచిపోతున్న మెదడు గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది. మరచిపోతున్న స్త్రీలు తమకు గుర్తున్నంత మేరకు చెబుతుండగానే అది రాసుకోవాలి.